పావలా అంత నాణెం మీద ఒక అగ్నిపర్వతం

ప్రత్యేక సంచికకు ఉద్యోగ విరమణ తరువాతి వ్యాపకం గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. నా వ్యాపకం మీలో చాలామందికి తెలిసిందే. పాత నాణేలు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ట్రెజరీలో పనిచేసినవాడికి నాణేల పిచ్చి పట్టడంలో వింతేముందని మా ఇంట్లోవారు అంటుంటారు. నా దగ్గరున్న వాటన్నిటి గురించీ రాస్తే సంచిక చాలదు కనుక, ఒక అయిదు నాణేల సంగతి మాత్రం మనవి చేస్తాను. ఆ అయిదింటి మీదా ఉన్నది ఒకే బొమ్మ, ఒక కొండ. అది ఒక అగ్నిపర్వతం. అక్కడివారికి అది దేవుడు కూడా.

ఆ కొండ నేటి తుర్కియే దేశం నడిమధ్యన, కైసెరి నగరానికి దక్షిణంగా ఉంది. ఇప్పుడు దాన్ని ఎర్జియెస్ అంటారు. ఎత్తు 3,917 మీటర్లు, అంటే సుమారు 12,850 అడుగులు. పూర్వం దాని పేరు ఆర్గేయస్. ఆ ప్రాంతాన్ని కప్పడోకియా అనేవారు. కొండ కింది పట్టణం మొదటి పేరు మజాకా. తరువాత యూసెబియా అయింది. కప్పడోకియా చివరి రాజు ఆర్కెలాస్ రోమన్ చక్రవర్తి అగస్టస్ గౌరవార్థం దానికి సీజరియా అని పేరు మార్చాడు. కైసెరి అన్న నేటి పేరు ఆ సీజరియా నుంచి వచ్చిందే. క్రీ.శ. 17లో ఆ రాజ్యం రోమన్ సామ్రాజ్యంలో కలిసిపోయింది.

అగస్టస్ కాలంలోనే జీవించిన స్ట్రాబో అనే భూగోళ రచయిత ఈ కొండ గురించి రాశాడు. ఆయనది పక్కనే ఉన్న పాంటస్ ప్రాంతం. శిఖరం మీద మంచు ఎన్నడూ కరగదనీ, పైకెక్కిన కొద్దిమంది ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఉత్తరాన ఒక సముద్రం, దక్షిణాన ఒక సముద్రం కనబడతాయని చెబుతారనీ ఆయన వివరించాడు. చుట్టూ అడవి ఉంది కానీ, దాని కింది నేలలో చాలాచోట్ల నిప్పు గుంటలున్నాయట. పైన గడ్డి కప్పేసి ఉండడంతో పశువులు తెలియక అందులో పడిపోయేవట. బురద నేలల్లో రాత్రిళ్ళు మంటలు లేచేవట. పైన మంచు, కింద నిప్పు! అలాంటి కొండకు జనం చేతులెత్తి మొక్కారంటే ఆశ్చర్యమేముంది? క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు ఉపన్యాసకుడు మాక్సిమస్ ఆ ప్రజలకు కొండే దైవమనీ, విగ్రహమూ అదేననీ, ప్రమాణం చేసేదీ దాని మీదేననీ చెప్పాడు. అరుణాచలంలో కొండే శివుడని గిరి ప్రదక్షిణ చేసి వచ్చిన మన సభ్యులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక నాణేల విషయానికి వస్తాను. రోమ్ ప్రభుత్వం తన బంగారు, వెండి నాణేలతో పాటు, తూర్పు ప్రాంతాల నగరాలను సొంత నాణేలు ముద్రించుకోనిచ్చింది. వీటినే రోమన్ ప్రాంతీయ నాణేలు అంటారు. ఒకవైపు చక్రవర్తి తల ఉంటుంది. రెండోవైపు ఆ నగరం తనకు నచ్చిన బొమ్మ వేసుకునేది. ఒక నగరం తన గుడిని వేసుకుంది, మరొకటి తన నదిని వేసుకుంది. సీజరియా మాత్రం తన కొండను వేసుకుంది. యూసెబియా పేరుతో వెలువడ్డ చిన్న కంచు నాణేల మీదే ఆ కొండ కనిపిస్తుంది. తిబేరియస్ కాలం నుంచి మూడవ గోర్డియన్ కాలం దాకా, అంటే రెండు వందల ఏళ్ళకు పైగా, చక్రవర్తులు మారుతూ వచ్చారు గానీ కొండ కదలలేదు. పన్ను కట్టే డబ్బు మీద ఒకవైపు ఏలికను ఉంచి, రెండోవైపు తమ దేవుణ్ణి నిలుపుకున్నారన్నమాట. నాకు ఈ నాణేల మీద ఇష్టం కలగడానికి కారణం ఇదే.

నా దగ్గరున్న అయిదూ మా బావగారివి. ఆయన ఓడలో ఇంజనీరుగా పనిచేస్తూ 1960లలో లండన్‌లో కొన్నారు. ఆయన పోయిన తరువాత మా అక్కయ్య ఒక అగ్గిపెట్టెలో పెట్టి నాకిచ్చింది. మొదటిది మార్కస్ ఆరేలియస్ కాలపు రెండు డ్రాక్మాల వెండి నాణెం. రెండవది సెప్టిమియస్ సెవెరస్ కాలపు ఒక డ్రాక్మా. బరువు మూడు గ్రాములు, వెడల్పు 2011లో చలామణి నుంచి తీసేసిన మన పావలా అంత. అందులో కొండ మీద నక్షత్రం ఉంది. మూడవది అలెగ్జాండర్ సెవెరస్ కాలపు కంచు నాణెం. అందులో కొండను ఒక బలిపీఠం మీద ఉంచారు. దేవుడి విగ్రహాన్ని పీఠం మీద ఉంచినట్టే! నాలుగవది గోర్డియన్‌ది. దాని మీద ‘డెల్టా’ అనే గ్రీకు అక్షరం ఉంది. గ్రీకులకు అక్షరాలే అంకెలు. ఆల్ఫా 1, బీటా 2, గామా 3, డెల్టా 4. అంటే అతని పాలనలో 4వ సంవత్సరం, క్రీ.శ. 240-241 ప్రాంతం. తేదీ వేసిన రసీదులా ఉంటుంది చూడండి!

తేదీ ఎందుకంత ముఖ్యమంటే, పర్షియా సరిహద్దు వైపు కప్పడోకియా రోమన్ సైన్యానికి కావలి ప్రాంతం. మెలిటీన్‌లో ఒక లీజియన్, సటాలాలో మరో లీజియన్ ఉండేవి. తూర్పున యుద్ధం వచ్చినప్పుడల్లా సైనికుల జీతాలకు వెండి కావాలి. గోర్డియన్ పర్షియా మీద యుద్ధానికి బయలుదేరింది 242లో. కొండ బొమ్మ ఉన్న నాణెం ఒక సైనికుడి జీతం కావచ్చు, ఒక రైతు గొర్రెను అమ్మిన డబ్బు కావచ్చు. ఏది నిజమో నాణెం తనంతట తాను చెప్పలేదు. అది దొరికిన చోటు చెబుతుంది. కోట దగ్గర దొరికితే ఒక కథ, సంత జరిగిన ఊళ్ళో దొరికితే మరో కథ, గుడి పునాదిలో దొరికితే ఇంకో కథ.

నా అయిదు నాణేల్లో నాలుగింటికి కాగితపు కవర్లున్నాయి. వాటి మీద కొన్న తేదీ, షిల్లింగులలో ధర, అంతకు ముందు ఎవరి సేకరణలో ఉండేదీ మా బావగారి చేతిరాతతో ఉన్నాయి. అయిదవదానికి ఏమీ లేదు. బొమ్మ మిగతా వాటికన్నా అందమైనది. అయినా దాని గురించి నేను చెప్పగలిగేది బరువు, లోహం, చక్రవర్తి పేరు. అంతకు మించి అది మూగది.

ఈ మధ్య ఒక వ్యాపారి, మా అబ్బాయి ఉంటున్న దేశం నుంచి, ఇలాంటివే ఇరవై నాణేలు చౌకగా ఇస్తానని ఫొటోలు పంపాడు. అంచుల్లో మట్టి ఇంకా తడిగా కనిపిస్తోంది. ఎక్కడివని అడిగితే జవాబు లేదు. తుర్కియేలో 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం భూమిలో దొరికిన పురావస్తువులు ప్రభుత్వానివి. దొరికినవారు అధికారులకు తెలియజేయాలి. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఎవరో రాత్రిపూట యంత్రంతో నేల తవ్వి, కుండ పగలగొట్టి, నాణేలు మాత్రం ఏరుకున్నారని ఆ ఫొటోలే చెబుతున్నాయి. నేను వద్దన్నాను. మా అబ్బాయి, ‘నాన్నగారూ, మీరు కొనకపోతే మరొకరు కొంటారు కదా’ అన్నాడు. ‘కొననీ, కొన్నవాడి పేరు నాది కాదు’ అన్నాను.

మన దేశంలోనూ 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. మన శాఖవారికి అది గుర్తుండే ఉంటుంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, నిధిని దగ్గరలోని ప్రభుత్వ ట్రెజరీలో అప్పగించాలి లేదా హామీ ఇవ్వాలి. ఆ కాగితంలో రాయాల్సినవి మూడు: దొరికిందేమిటి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అవి అగస్టస్, తిబేరియస్ కాలపువి. ఊరి పేరు తెలుసు కాబట్టే తెలంగాణ గడ్డకు రోమ్‌తో ఉన్న వర్తక సంబంధానికి అవి సాక్ష్యమయ్యాయి. అవే ఒక్కొక్కటిగా అంగళ్ళలో అమ్ముడుపోయి ఉంటే, ఏ ఊరివో తెలియని ఇన్ని వెండి ముక్కలు మాత్రమే. మన శాతవాహనుల నాణేల మీదా కమానుల ఆకారంలో ఒక కొండ గుర్తు ఉంటుంది. అది కొండా, చైత్యమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అలాంటి వాదం తేలడానికి కూడా దొరికిన చోటే ఆధారం.

ఇప్పుడు సౌకర్యాలు పెరిగాయి. రోమన్ ప్రాంతీయ నాణేల పట్టిక మొదటి సంపుటం 1992లో పుస్తకంగా వెలువడింది. నేడు ఆ పట్టిక ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మా మనవరాలు దాంట్లో వెతికి, మా నాణేలకు సరిపోయేవాటి నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసింది. కొండ ఆకారం చూసి చక్రవర్తి ఎవరో చెప్పేయడం దానికిప్పుడు ఆట. నా తరువాత ఈ నాణేలు ఎవరికి చేరాలో కూడా ఆ పుస్తకంలోనే రాశాను. కవర్లు లేకుండా నాణేలు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని చివరి వాక్యం.

మన సభ్యుల ఇళ్ళలో నైజాం నాణేలు, విక్టోరియా రూపాయలు, తాతల నాటి తపాలా బిళ్ళలు తప్పక ఉంటాయి. వాటి గురించి రెండు చిన్న మనవులు. నాణేలను దయచేసి చింతపండుతో తోమకండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పచ్చబారతాయి. కాగితపు కవరులో పెట్టి, దాని మీద పెన్సిలుతో మూడు సంగతులు రాయండి: ఇదేమిటి, ఎక్కడిది, ఎప్పుడు ఎవరి ద్వారా వచ్చింది. చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడిగి రాయించుకోండి. మన పిల్లలు వెండి ధర ఎప్పుడైనా తెలుసుకోగలరు. ఆ మూడు సంగతులు మాత్రం మనం రాసి ఉంచితేనే వారికి తెలుస్తాయి.