శాంతిపీఠం మీద సంశయవాది

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి యేడు, 1919లో, వేల్సులోని అబెరిస్ట్‌విత్ కళాశాలలో ఒక ఆచార్యపీఠం వెలసింది. యుద్ధంలో అసువులు బాసిన విద్యార్థుల స్మృత్యర్థం డేవిడ్ డేవిస్, ఆయన సోదరీమణులు ఇచ్చిన 20,000 పౌన్లు దానికి మూలధనం. అంతర్జాతీయ రాజనీతికి లోకంలో ఏర్పడిన తొలిపీఠం అదే. నానాజాతి సమితి ద్వారా శాంతి నిలవాలన్నది దాతల ఆకాంక్ష.

1936లో ఆ పీఠమెక్కినవాడు ఇ. హెచ్. కార్ (1892–1982). కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిన్ వాఙ్మయాలు చదివినవాడే గాని రాజనీతి చదివినవాడు కాడు. విదేశాంగశాఖలో ఇరవై యేళ్లు కొలువు చేసి, పారిస్ శాంతిసభను దగ్గరనుంచి చూసి వచ్చాడు. ఆయన నియామకం డేవిస్‌కు మొదటినుంచీ రుచించలేదు.

కార్ గ్రంథం 'ఇరవై యేళ్ల సంక్షోభం' 1939లో, సరిగ్గా రెండవ యుద్ధం వచ్చిపడిన వేళ వెలువడింది. కోరికను వాస్తవమని భ్రమించరాదనీ, తృప్తిగా ఉన్న రాజ్యాలు తమ లాభానికే లోకక్షేమమని పేరు పెడతాయనీ అందులోని సారాంశం. శాంతిపీఠం మీద కూర్చుండి శాంతివాదుల భ్రమలను తూర్పారబట్టాడన్నమాట!

అయితే భ్రమ ఆయననూ విడిచిపెట్టలేదు. బలవంతుని కోరికకు తలయొగ్గడమే వివేకమని తలచి, చెకొస్లొవేకియాను ముక్కలు చేసిన 1938 నాటి మ్యూనిక్ ఒప్పందాన్ని ఆ గ్రంథంలోనే మెచ్చుకున్నాడు. 1946 నాటి రెండవ ముద్రణలో ఆ మాటలు లేవు. కాలగతిలో వెనుకబడిన వివాదాలకు చెందిన రెండు మూడు భాగాలు తొలగించానని పీఠికలో చెప్పాడే గాని, పొరబడ్డానని చెప్పలేదు.

1947లో ఆ పీఠం విడిచాక చాలాకాలం ఆయనకు స్థిరమైన ఉద్యోగం లేదు. 1955లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల చేరదీసింది. పద్నాలుగు సంపుటాల సోవియెట్ రష్యా చరిత్రను 1978కి గాని ముగించలేకపోయాడు. 1961లో వచ్చిన 'చరిత్ర అంటే ఏమిటి' అన్న పుస్తకంలో, వాస్తవాలకంటె ముందు వాటిని చెప్పే చరిత్రకారుణ్ణి పరిశీలించండని బోధించాడు. ఆ సూత్రానికి తగిన ఉదాహరణ ఆయన గ్రంథమే.

పాఠం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నాకీ సంగతి గ్రుచ్చుకుంటుంది. ఒక యేడు తప్పుగా చెప్పిన పాఠాన్ని మరుసటి యేడు సరిదిద్దుకోవచ్చు. కాని మొదటి తరగతి పిల్లలు అప్పటికే బడి దాటి వెళ్లిపోయి ఉంటారు. వారి పుస్తకాల్లో తప్పే మిగులుతుంది. తప్పు దిద్దుకోవడంతో పాటు, తప్పు చేశానని చెప్పడం కూడా గురువు పనే. కార్ మొదటిది చేశాడు, రెండవది చేయలేదు. అయినా ఆయనను చదవవలసిందే, రెండు ముద్రణలనూ ప్రక్కప్రక్కన పెట్టుకొని.