అట్ట వెనక పేరు

నారాయణగూడ శాంతి, దీపక్ మొదలు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య, దేవి, సుదర్శన్ దాకా, మా పేటల్లో సినిమా అంటే రీళ్ల డబ్బా. ఆ డబ్బా కదలాలంటే ఒప్పందం ఉండాలి. నైజామా, సీడెడా, ఆంధ్రా? ఎన్నేళ్లకు? నిర్మాతా పంపిణీదారూ కాగితం మీద రాసుకున్నది ముఖ్యంగా ఇదే. సినిమా ఏదో ఒకనాడు మన గదిలోకే వచ్చి కూర్చుంటుందని ఆ రోజుల్లో ఎవరు ఊహించారు?

1980ల్లో వచ్చి కూర్చుంది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో కలర్ టీవీ, వీసీపీ ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, పక్కింటివాళ్లనూ పిలిచి, తెల్లారేదాకా వరుసగా మూడు క్యాసెట్లు చూసేవాళ్లు. ఆ క్యాసెట్ అమ్మే హక్కు ఎవరిది? తీసినవాడిదా, నెగెటివ్ కొన్నవాడిదా, ఏరియా కొన్నవాడిదా? పాత కాగితాల్లో జవాబు లేదు. ఆ ఖాళీలోంచే వీడియో హక్కులనే కొత్త సరుకు పుట్టింది.

1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియోను కూడా సినిమా కిందికే తెచ్చారు. 52ఏ సెక్షన్ చేర్చి, క్యాసెట్ మీదా దాని అట్ట మీదా సెన్సారు సర్టిఫికెట్ నకలు, తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు, చిరునామా ఉండాలన్నారు. ఈ నిబంధన నాకెంతో ఇష్టం. తెర మీద ఒక పేరు, అట్ట వెనక మరో పేరు కనిపిస్తే, సినిమా చేతులు మారిందని మామూలు ప్రేక్షకుడికీ తెలిసేది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని పేరుపెట్టి రాయకపోతే అది ఆ ఒప్పందంలోకి రాదని చట్టం చెప్పింది మాత్రం 2012లోనే. చాలా ఆలస్యమైంది.

హాలీవుడ్‌లోనూ సినిమాలు చేతులు మారాయి. వార్నర్ వాళ్లు 1956లో తమ పాత సినిమాలను మూటగా అమ్మేశారు. అందులోని ‘కాసాబ్లాంకా’ 1986లో టెడ్ టర్నర్‌కు చేరింది. 1996లో ఆయన సంస్థ టైమ్ వార్నర్‌లో కలిసిపోవడంతో పుట్టింటికి తిరిగొచ్చింది. మూటగా అమ్మారు కాబట్టి ఆచూకీ పోలేదు.

మన దగ్గర చూడండి. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ విజయా వారి 14 సినిమాల హక్కులు కొని, ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. జనం ఆదరించారు. అయినా మిగతావాటికి రంగులు పడలేదు. పాత సినిమాల హక్కుల చిక్కులే అడ్డొచ్చాయి.

సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ సినిమాగా 2017 చివరికి ఆ గడువు దాటింది. కానీ మాటలు, పాటలు వేరే రచనలు. వాటిని రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కనుక వాటికి 2031 చివరి దాకా గడువుంది. గడువు తీరినా, మంచి ప్రింటు మిగలకపోతే ఆ స్వేచ్ఛతో ఏం చేసుకుంటాం?

మీ ఇంటి అటక మీద తాతగారి నాటి నెగెటివ్ డబ్బా గానీ, పంపిణీ ఒప్పందం గానీ ఉంటే దయచేసి పాత కాగితాలవాడికి వేయకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి.