గాలికుంచె: గొంతులో మందు నుంచి బొమ్మ విమానం దాకా

నమూనా విమానాలకు రంగులు వేసే సరదా ఉన్నవారు మొదటిసారి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనబోయే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఏది కొనాలి? అంగడిలో దీనికి దొరికే జవాబు ధరల పట్టిక. చరిత్ర చెప్పే జవాబు వేరు. ఈ పనిముట్టు ఎవరి చేతుల్లో, ఏ అవసరాల కోసం రూపం మార్చుకుంటూ వచ్చిందో తెలిస్తే, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కరలేదో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఆ చరిత్రలో ఒక వైద్యుడు కూడా ఉండడం నా ఆసక్తికి మరో కారణం.

రంగును ఊదడం కుంచె కొత్తగా నేర్చిన విద్య కాదు. ఫ్రాన్సులోని పెష్ మెర్ల్ గుహలో రాతిగోడకు చెయ్యి ఆనించి, చుట్టూ రంగు చిమ్మి, చేతి ఆకారాన్ని ఖాళీగా మిగిల్చిన ఆదిమానవుల ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనిని యంత్రానికి అప్పగించే ప్రయత్నం అమెరికాలో 1870లలో మొదలైంది. ఫోటోలకు రంగులద్దడానికి పనికివచ్చే తుంపర సాధనానికి ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ 1876లో పేటెంటు తీసుకున్నాడు. తరవాతి కాలంలో ఆవిరి కార్లతో పేరు తెచ్చుకున్న స్టాన్లీ సోదరులలో ఇతను ఒకడు. 1879లో అయొవా రాష్ట్రంలోని వెబ్‌స్టర్ సిటీకి చెందిన ఆబ్నర్ పీలర్ మరో పరికరాన్ని తయారుచేసి, దానికి రంగును పంచే సాధనం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. దాని హక్కులు కొని, మెరుగులు దిద్ది, ఎయిర్‌బ్రష్ అన్న పేరుతో ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్ నుంచి అమ్మినవాడు లిబర్టీ వాకప్. అతని భార్య ఫీబీ దానితో బొమ్మలు వేయడం నేర్పింది. పనిముట్టును అమ్మడంతో పని పూర్తి కాదనీ, దాన్ని వాడే చేతులను కూడా తయారుచేయాలనీ ఆ దంపతులు గ్రహించారు.

నేటి రూపానికి దగ్గరగా వచ్చినది 1893లో చార్లెస్ బర్డిక్ చేసిన మార్పు. అంతవరకు గాలీ రంగూ పరికరం బయట కలుసుకునేవి. బర్డిక్ వాటిని ముక్కు లోపలే కలిపాడు. సన్నని సూది ఒకటి ముక్కు మధ్యలో నిలిచి, ముందుకు జరిగితే దారి మూస్తుంది, వెనక్కి జరిగితే తెరుస్తుంది. ఈ రోజు మనం కొనే మంచి గాలికుంచెలన్నింటి గుండె ఈ సూదే. షికాగోలో థేయర్ అండ్ చాండ్లర్, 1904 నుంచి పాష్, ఇంగ్లండులో ఏరోగ్రాఫ్ కంపెనీలు దీన్ని వృత్తి చిత్రకారుల బల్లమీదికి చేర్చాయి.

వైద్యుడి కథ దీనికి సమాంతరంగా నడిచింది. ఒహాయోలోని టొలీడోలో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసే డాక్టర్ ఆలెన్ డివిల్బిస్, గొంతు లోపలికి మందు చేరవేయడానికి దూది కంటె మంచి మార్గం వెతికాడు. రబ్బరు బంతిని నొక్కితే గాలి దూసుకుపోయి సీసాలోని మందును మంచులా చిమ్మే సాధనాన్ని 1880ల చివర్లో తయారుచేశాడు. ఆ సూత్రమే అత్తరు సీసాల మీదికి చేరింది. అతని కుమారుడు థామస్ 1907లో దాన్ని పెంచి రంగులు చిమ్మే స్ప్రే గన్‌గా మార్చాడు. రోగి గొంతు కోసం పుట్టిన తుంపర కార్లకూ విమానాలకూ రంగు వేసే పరిశ్రమగా మారడానికి ఒక్క తరం చాలింది.

గాలికుంచెకు నింద కూడా పాతదే. తెరను తాకకుండా వేసినది బొమ్మ ఎలా అవుతుందన్నారు. 1910ల చివర్లో మాన్ రే తన ఏరోగ్రాఫ్ చిత్రాలతో ఆ నిందనే గొప్పగా మార్చుకున్నాడు. అంతకంటె గట్టి నింద ఇంకొకటుంది. గీత కనబడకుండా దిద్దగలగడం ఫోటోల విషయంలో ప్రమాదకరమైన శక్తి. మాస్కో కాలువ పక్కన స్టాలిన్‌తో నిలబడ్డ యెజోవ్, 1940లో మరణశిక్ష పడ్డాక ఆ ఫోటోలోంచి మాయమయ్యాడు. అతను నిలుచున్న చోట నీళ్ళు మాత్రం మిగిలాయి. గుహలో ఖాళీగా మిగిలిన చెయ్యి ఒక మనిషి ఉన్నాడని చెప్పింది. ఈ ఫోటోలో ఆ ఖాళీని కూడా మిగల్చలేదు.

బొమ్మ విమానాల వారికి ఈ సాధనం ఎందుకు అవసరమైంది? 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ పెంగ్విన్ ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. 1953లో ఎయిర్‌ఫిక్స్ స్పిట్‌ఫైర్ కిట్ వచ్చింది. ఆ లోకంలో బాగా స్థిరపడిన కొలత 1/72, అంటే ఆరడుగులకు ఒక అంగుళం. అసలు విమానం మీద రెండు రంగులు కలిసే చోట స్ప్రే గన్ మిగిల్చే మసక అంచు అయిదు సెంటీమీటర్లు ఉందనుకుందాం. నమూనా మీద అది 0.7 మిల్లీమీటర్లు. మామూలు కుంచెకు అంత సన్నని మసక దొరకడం కష్టం. అసలు విమానానికి రంగు పడింది తుంపరతోనే కాబట్టి, నమూనాకు కూడా తుంపర వాడడం రంగుతో పాటు పద్ధతిని కూడా అనుకరించడమే.

ఇక ఎంపిక. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే రెండు కదలికల రకం నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పట్టినా, బర్డిక్ సూదిని వేలికి పూర్తిగా అప్పగిస్తుంది. ఒకే కదలిక రకంలో రంగు పరిమాణాన్ని మరతో ముందే బిగించుకోవాలి. పెద్ద ఉపరితలాలకు అదీ చాలు. గిన్నె పైన ఉన్న రకానికి భూమ్యాకర్షణ తోడ్పడుతుంది కనుక తక్కువ పీడనంతో, కొద్ది చుక్కల రంగుతో పని జరుగుతుంది. మొదటి కొనుగోలుకు 0.3 మిల్లీమీటర్ల ముక్కు మధ్యేమార్గం. అంతకంటె సన్ననిది త్వరగా పూడుకుపోతుంది.

కంప్రెసర్ దగ్గర చాలామంది పొదుపు చేస్తారు. నేనూ చేశాను. ట్యాంకు లేని చిన్న యంత్రంతో ఒక నాట్ విమానానికి వెండిరంగు వేస్తుంటే, గాలి కొట్టుకుంటూ వచ్చింది. రెక్క మీద నీటిచుక్కలు కూడా పడ్డాయి. ఆ తప్పు వైద్య విద్యార్థిగా చదివిన పాఠాన్ని గుర్తుచేసింది. గుండె రక్తాన్ని దఫాలుగా తోస్తుంది. బృహద్ధమని సాగి, మళ్ళీ ముడుచుకుని ఆ ప్రవాహాన్ని నిలకడ చేస్తుంది. 1733లో స్టీఫెన్ హేల్స్ ధమనుల ఈ గుణాన్ని అగ్నిమాపక యంత్రంలోని గాలిగదితో పోల్చాడు. తరవాత ఒట్టో ఫ్రాంక్ దానికి గణిత రూపం ఇచ్చాడు. ముసలితనంలో ధమని గట్టిపడితే నాడి ఎగసిపడుతుంది. ట్యాంకు లేని కంప్రెసర్ గట్టిపడిన ధమని వంటిదే. ట్యాంకు ఉంటే నొక్కినప్పుడు వేడెక్కిన గాలి అందులో చల్లారి, తేమలో కొంత అక్కడే దిగుతుంది. మిగిలినదాన్ని తేమ వడపోత పట్టుకుంటుంది. పీడనాన్ని నియంత్రించే మర కూడా తప్పనిసరి. పలచని రంగుకు 15 నుంచి 20 పిఎస్‌ఐ చాలు. కాగితం మీద చిన్న అంకెలా కనిపించినా, 15 పిఎస్‌ఐ అంటే 775 మిల్లీమీటర్ల పాదరసం, మన పై రక్తపోటుకు ఆరు రెట్లు పైమాట. కాబట్టి చర్మం మీదికి ఎన్నడూ గురిపెట్టరాదు.

చివరిది ఊపిరి. అయిదు మైక్రాన్లకు లోపలి తుంపర ఊపిరితిత్తుల లోతులకు చేరుతుంది. నెబ్యులైజర్‌తో మందు ఇచ్చేటప్పుడు మేము కోరుకునేది ఆ గుణాన్నే. రంగుకూ ఆ దారి తెరిచే ఉంటుంది. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగు కదా అని మాస్కు మానేయడం తగదు, నీరు ఆవిరైనా రంగుపొడి మిగులుతుంది. ద్రావకాల రంగులకు రసాయన ఆవిరులను ఆపే మాస్కు, గాలిని ఇంటి బయటికి పంపే పెట్టె రెండూ కావాలి. ఐసోసైనేట్ ఉన్న వార్నిష్‌లు ఉబ్బసం తెచ్చిపెట్టగలవు, వాటిని ఇంట్లో వాడకపోవడమే మేలు.

అందుచేత డబ్బు పరిమితమైతే నా వరస ఇది: ముందు ఊపిరిని కాపాడే ఏర్పాటు, తరవాత ట్యాంకు ఉన్న కంప్రెసర్, ఆ పైన గాలికుంచె. డాక్టర్ డివిల్బిస్ తుంపరను గొంతును బాగుచేయడానికి పుట్టించాడు. ఒక బొమ్మ విమానం కోసం ఆ గొంతునే పాడుచేసుకుంటే, ఎంత ఖరీదైన సూది కొన్నా ఎంపిక తప్పినట్టే.