ఎనభై రూపాయల తంగేడు

పోయినేడు పెత్రమాస పొద్దున మా ఆయనా నేనూ కొండాపూర్ రోడ్డు మీదికి పూలకు వెళ్లాం. బంతి, చామంతి బుట్టలకొద్దీ ఉన్నాయి. తంగేడు మాత్రం ఒక్క ముసలమ్మ దగ్గరే దొరికింది. పిడికెడు కట్ట నలభై రూపాయలు. రెండు కట్టలు తెచ్చి అత్తమ్మ ముందు పెడితే ఆమె నవ్వింది.

"ఎనభై రూపాలు పెట్టి తంగేడు కొన్నవా బిడ్డా? మేం గుట్టల పొంటి పోయి ఒళ్లె నింపుకొస్తుంటిమి."

ఆ గుట్టలు ఎక్కడని అడిగితే బాల్కనీలోంచి చెయ్యి చాపింది. అటు చూస్తే అద్దాల మేడలే.

ఆ రోజు నుంచి తంగేడు కథ తెలుసుకోవాలనిపించింది. తెలిసినంత మీతో పంచుకుంటున్నా.

తంగేడుకు మంచి నేల అక్కర్లేదు. రాళ్లలో, ఎర్రమట్టిలో నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరుగుతుంది. 1753లో లిన్నేయస్ దీనికి కేసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఆకు కాడ మొదట్లో చూడండి, చిన్న చెవుల్లాంటి రేకులు కనిపిస్తాయి. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నా జాతిలో చేర్చాడు. ఆయన పోయాక 1832లో అచ్చయిన పుస్తకంలో ఆ పేరు వచ్చింది. ఇప్పటికీ అదే పేరు.

అయితే వ్యాపారులకు కావలసింది పువ్వు కాదు, బెరడు. పచ్చితోలు కుళ్లకుండా పదును చేసే వగరు తంగేడు చెక్కలో ఉంది. మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిన తోళ్లలో ఎన్నో దీనితో పదునైనవే. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చాక తంగేడు చెక్కకు గిరాకీ తగ్గింది. రైతులు మాత్రం ఆకును పచ్చిరొట్టగా పొలంలో తొక్కుతూనే ఉన్నారు, పల్లెల్లో పుల్లతో పళ్లు తోముతూనే ఉన్నారు.

పువ్వును పువ్వుగా చూసింది ఆడవాళ్లే. తాంబాళంలో మొదటి వరుస తంగేడు. ఆ తర్వాతే గునుగైనా, బంతైనా. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగయింది, అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పమయింది.

మా దగ్గర మాత్రం అప్పటికే నేల మారిపోయింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత బండలు పగిలాయి, రోడ్లు పడ్డాయి. ఎందుకూ పనికిరాదనుకున్న నేలే ముందు పోయింది. తంగేడు బతికేది ఆ నేలలోనే కదా. నేనూ ఆ మేడల మధ్యే ఉంటున్నాను, వాటిలో ఉద్యోగం వల్లే మా ఇల్లు గడుస్తోంది. అందుకే ఎవరినీ తిట్టలేను.

అత్తమ్మ ఆ కొన్న కట్టలో ఎండిన కాయలు ఏరి దాచింది. గింజ పెంకు గట్టిది. వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి వానాకాలం మొదట్లో మా అపార్ట్‌మెంట్ గోడ పక్కన వేశాం. వేరు లోతుకు పోతుంది, తర్వాత పీకి వేరేచోట నాటితే సరిగా కుదురుకోదు. అందుకే ఉండబోయే చోటే వెయ్యాలి. ఎండ బాగా కావాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు కూడా అడగదు.

జానెడు ఎత్తు వచ్చాక తోటమాలి పిచ్చిమొక్కలని పీకేశాడు. తప్పు అతనిది కాదు, మేమే చెప్పలేదు. అత్తమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాడు మిగిలిన గింజలు తనే తీసింది. ఈసారి చుట్టూ ఇటుకలు పేర్చి, మా పాపతో అట్టముక్క మీద "తంగేడు, పీకవద్దు" అని రాయించింది.

ఇప్పుడు నాలుగు మొక్కలున్నాయి. ఈ పెత్రమాసకు పూస్తాయో లేదో. పూయకపోతే మళ్లీ కొంటాను. కానీ మా పాపకు తంగేడు ఆకు తెలుసు, చెవులు తెలుసు, బతుకమ్మలో దాని వరుస తెలుసు. మీ ఇంటి ప్రహరీ పక్కన కాస్త ఎండ పడే మూల ఉంటే, ఈసారి కొన్న కట్టలోని కాయలు పారేయకండి.