సీసాలో ఉరుము

గోళీసోడా కొట్టగానే "కుయ్" మని వచ్చే చప్పుడుకి చిన్నప్పుడు ఉలిక్కిపడని వాళ్ళెవరు చెప్పండి? ఆ చప్పుడు వెనక పెద్ద చరిత్రే ఉంది. అది మొదలైంది సోడాతో కాదు, బీరుతో! "రామ రామ, బీరు గొడవ మనకెందుకమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. కాయమనీ చెప్పడం లేదు, తాగమనీ చెప్పడం లేదు. లైసెన్సు లేకుండా కాస్తే మన దగ్గర ఎక్సైజు వాళ్ళు ఊరుకోరు కూడాను! ఇది ఒకనాటి ఇంగ్లండులో వంటింటి కథ. వంటింటి కథంటే మన కథే కదూ?

ఆ దేశంలో పూర్వం మొలకెత్తిన బార్లీతో 'ఏల్' కాయడం ఇల్లాలి పని. మనం రాత్రిపూట పాలు తోడు పెట్టుకున్నంత మామూలుగా చేసేవారు. ఇంటికి సరిపోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకునేవారు. అలా కాచే ఆడవాళ్ళని 'బ్రూస్టర్లు' అనేవారు. అయితే పాపం, ఆ ఏల్ నాలుగు రోజులు దాటితే పులిసిపోయేది. తరవాత 'హాప్స్' అనే తీగపువ్వులు వేసి కాచే బీరు వచ్చింది. అది నిలవుంటుంది. నిలవుండే సరుకంటే పెద్ద పెద్ద గంగాళాలు, పెద్ద పెట్టుబడి, దూరపు బేరాలు! 1600 నాటికి వ్యాపారం చాలావరకు మగవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఇంటి మట్టుకు కాచుకోవడం మాత్రం ఆడవాళ్ళకి మిగిలింది.

ఇక సీసా సంగతి. లండన్ సెయింట్ పాల్స్ చర్చికి పెద్దగా ఉన్న అలెగ్జాండర్ నోవెల్‌కి చేపలు పట్టడమంటే మహా సరదా. ఒకనాడు ఏటి ఒడ్డున గడ్డిలో ఏల్ సీసా మరిచిపోయాడట. కొన్నాళ్ళకి వచ్చి మూత లాగితే తుపాకీ పేలినట్టు మోత! ఇంగ్లండులో సీసా ఏల్‌కి అదే నాంది అని థామస్ ఫుల్లర్ 1662లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అప్పటికి నోవెల్ పోయి అరవై ఏళ్ళయింది. కనక ఇది చరిత్ర ఎంతో, కట్టుకథ ఎంతో మీరే అనుకోండి.

నోవెల్ పోయిన 1602లోనే 'డిలైట్స్ ఫర్ లేడీస్' అనే చిన్న పుస్తకం ఒక ముద్రణ పొందింది. రాసింది సర్ హ్యూ ప్లాట్. అందులో సీసాలకెత్తడంలో జరిగే పొరపాటు గురించి చక్కగా చెప్పాడు. సీసా తెరవగానే ఉరిమినట్టు మోత, పొగ, మడ్డి! ఎందుకలా? సరుకు కొట్లోకి చేరిన రోజే తొందరపడి సీసాలకి ఎత్తేస్తారు కనక. పది పన్నెండు రోజులు ఆగి, తేరుకున్నాక పోసి, బిరడా గట్టిగా బిగించమన్నాడు. ముక్కవాసన కొట్టే సీసాకి వైద్యం కూడా చెప్పాడండోయ్. రొట్టెలు తీసిన వేడి పొయ్యిలో రాత్రంతా ఉంచాలి, లేకపోతే మరిగే నీళ్ళతో కడగాలి. 1615లో గర్వేస్ మార్కం తన 'ఇంగ్లిష్ హౌస్‌వైఫ్' పుస్తకంలో ఇంకో జాగ్రత్త చెప్పాడు. బిరడా లేచిపోకుండా పురికొసతో కట్టి, సీసాలని నడుం దాకా ఇసకలో పాతి, చల్లని కొట్లో పెట్టాలట.

కారణం వీళ్ళెవరికీ తెలీదు. పులియబెట్టేది ప్రాణమున్న ఈస్టు అని లూయీ పాశ్చర్ నిరూపించడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. బీరు మీద ఆయన పుస్తకం 1876లో వచ్చింది. ఈస్టు పంచదార తిని సారాన్నీ, బొగ్గుపులుసు వాయువునీ వదులుతుంది. సీసాలో పంచదార ఎక్కువుంటే వాయువు పెరిగి పెరిగి గాజు పగిలి ఊరుకుంటుంది.

ఇంట్లో కాచుకునేందుకు బ్రిటన్‌లో లైసెన్సు అవసరం 1963లో పోయింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ చట్టం మీద సంతకం పెట్టాడు. కొత్తవాళ్ళు బోలెడుమంది దిగారు, అవే పాత తప్పులు చేశారు! ఇవాళ వాళ్ళకి చెప్పే మందూ ప్లాట్ చెప్పిందే: ముందు పులియడం పూర్తి కానివ్వాలి. తరవాత కొలిచి, లీటరుకి ఆరేడు గ్రాములు మించకుండా పంచదార వెయ్యాలి. మందపాటి సీసాలు వాడాలి. నురగ రాకపోతే ఇంకో రెండు వారాలు కాస్త వెచ్చని చోట ఉంచాలి. పొంగు ఎక్కువైతే మట్టుకు ముందు బాగా చల్లబరచాలి. చేతికి తొడుగు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, సీసాకి మందపాటి గుడ్డ చుట్టి, మూత రవ్వంత వదులు చేసి, వాయువు పోయాక మళ్ళీ బిగించాలి. పగిలిన గాజు ముక్కకి కొత్తవాళ్ళు, పాతవాళ్ళు అన్న తేడా లేదు.

మరి గోళీసోడా? లీడ్స్ ఊళ్ళో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంటి పక్కనే బీరు బట్టీ ఉండేది. 1767లో అక్కడి తొట్లమీద తేలే వాయువుని నీళ్ళలో కలిపి చూశాడు. అదే సోడా! 1870ల్లో హైరమ్ కాడ్ గోళీసీసా కనిపెట్టాడు. లోపలి వాయువే గోళీని పైకి నెట్టి మూతలా కాపలా కాస్తుంది. పురికొసతో పని లేకుండా పోయింది.

ఇంతా చెప్పాక నాకు మిగిలిన బాధ ఒకటే. స్త్రీలకి పాఠం చెప్పిన ఆ రెండు పుస్తకాలూ రాసినవాళ్ళు మగవాళ్ళే! వందల ఏళ్ళు కాచి, రుచి చూసి, సీసాలు పగిలితే గాజు ఏరిపారేసిన ఆ చేతులకి చాలావరకు రాత రాదు. అందుకే వాళ్ళ పేర్లు ఏ అట్ట మీదా లేవు. మీ అత్తగారి ఆవకాయ కొలత ఎక్కడుంది? ఆవిడ చేతిలోనే కదూ? ఇవాళే నోటుబుక్కు తీసి రాసుకోండి. కింద ఆవిడ పేరు వెయ్యడం మాత్రం మరవకండేం!