పాత గేమింగ్ కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్: పైసలు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

కాజీపేట: ఈద్‌కు వచ్చిన ఈదీ, సెలవుల్లో దాచుకున్నది కలిపి "అబ్బా, కంప్యూటర్‌లో ప్రాసెసర్ మార్పిద్దాం" అని పిల్లలు అడుగుతారు. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటర్‌లో గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే ఆ అడగడంలో తప్పు లేదు. కానీ ఏ ప్రాసెసర్ మంచిదని అడిగి, అదే కొనుక్కుని ఇంటికొచ్చాక పాత బోర్డులో అది కూర్చోకపోతే? పైసలు పోయినట్టే. అందుకే ముందు అడగాల్సింది వేరే ఉంది: మన ఇంట్లో ఉన్న మదర్‌బోర్డు ఏ ప్రాసెసర్‌ను తీసుకుంటుంది?

అసలు లోపం ప్రాసెసర్‌దేనా?

గేమ్ సెట్టింగ్స్‌లో రెజల్యూషన్ తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డుది. ఎంత తగ్గించినా ఎఫ్‌పీఎస్ అక్కడక్కడే ఉంటే ప్రాసెసర్‌ను అనుమానించాలి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 50 శాతమే కనిపిస్తోంది కదా అని ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకోవద్దు. గేమ్ ఒకటి రెండు కోర్ల మీదే బరువంతా వేస్తే మొత్తం లెక్క తక్కువగానే చూపిస్తుంది.

ఇంకో రెండు విషయాలు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది జోడించండి, చాలా గేముల్లో తేడా తెలుస్తుంది. విండోస్ ఇంకా హార్డ్‌డిస్క్ మీదే ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చండి. కొన్ని ఇళ్లలో పని అంతటితోనే అయిపోతుంది. కేబినెట్ తెరిచి దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం కూడా మరవొద్దు. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ప్రాసెసర్ వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది.

బోర్డు పేరు తెలుసుకోవడం ఎలా?

విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే వరుసలో బోర్డు మోడల్ ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే అది తీసుకునే ప్రాసెసర్ల జాబితా, ఒక్కోదానికి కావాల్సిన బయోస్ వెర్షన్ దొరుకుతాయి. ఈ జాబితా చూడకుండా ఏదీ కొనొద్దు.

ఏఎండీ ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు

2017లో మొదటి రైజెన్‌తో వచ్చిన ఈ సాకెట్‌లోనే 5000 సిరీస్ కూడా కూర్చుంటుంది. రైజెన్ 1000, 2000 వాడుతున్నవాళ్లకు ఇదే అన్నిటికంటే తక్కువ ఖర్చు దారి. బోర్డు, ర్యామ్ అవే ఉంటాయి. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు 6 కోర్లు, 12 థ్రెడ్ల రైజెన్ 5 5600 సరిపోతుంది. 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీల్లో ఎల్3 క్యాష్ 96 ఎంబీ (5600లో 32 ఎంబీ). దాంతో చాలా గేముల్లో వేగం బాగా పెరుగుతుంది, కానీ గ్రాఫిక్స్ కార్డు గట్టిది లేకపోతే ఆ లాభం కనిపించదు.

పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవొచ్చు కాబట్టి యూపీఎస్ మీద చేయండి. కొన్ని పాత బోర్డుల్లో కొత్త బయోస్ వేశాక పాత ప్రాసెసర్ పనిచేయదు, అందుకే కొత్తది చేతిలోకి వచ్చాకే ఈ పని మొదలుపెట్టండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ఇంటెల్ బోర్డు ఉన్నవాళ్లు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 6, 7 జనరేషన్లకూ, 8, 9 జనరేషన్లకూ సాకెట్ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. అయినా హెచ్110, బి250 లాంటి పాత బోర్డుల్లో 8, 9 జనరేషన్ ప్రాసెసర్లు పనిచేయవు. ఆ బోర్డులో పెట్టగలిగే పెద్ద ప్రాసెసర్ ఐ7-7700 తరహాది, 4 కోర్లే. సెకండ్‌హ్యాండ్‌లో దానికి ఎక్కువ ధర చెబితే ఆలోచించండి.

10వ జనరేషన్ వాళ్లకు 11కు మారే వీలుంది గానీ హెచ్410, బి460 బోర్డుల్లో ఎక్కువ భాగం దాన్ని తీసుకోవు. 12వ జనరేషన్ ఎల్‌జీఏ 1700 బోర్డు ఉంటే బయోస్ అప్‌డేట్‌తో 14 వరకూ వెళ్లొచ్చు. అయితే 13, 14 జనరేషన్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి వోల్టేజ్ సమస్య వచ్చి, 2024లో ఇంటెల్ దిద్దుబాటు విడుదల చేసింది, వారంటీ రెండేళ్లు పెంచింది. కాబట్టి తాజా బయోస్ వేయకుండా వాటిని వాడొద్దు. సెకండ్‌హ్యాండ్‌లో కొనకపోవడమే మేలు.

బోర్డు కూడా మార్చాల్సి వస్తే

4వ జనరేషన్, అంతకుముందువాటిలో ఉండేది డీడీఆర్3 ర్యామ్. అది కొత్త బోర్డుల్లో పట్టదు కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొనాలి. రెండు దారులున్నాయి. బడ్జెట్ తక్కువైతే, ముఖ్యంగా చేతిలో డీడీఆర్4 ర్యామ్ ఉంటే, డీడీఆర్4 తీసుకునే ఎల్‌జీఏ 1700 బోర్డుతో ఐ5-12400ఎఫ్. ముందు ముందు మళ్లీ ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలంటే ఏఎం5 బోర్డుతో రైజెన్ 5 7500ఎఫ్ గానీ 7600 గానీ. ఏఎం5కు డీడీఆర్5 తప్పనిసరి. ర్యామ్ ధరలు బాగా ఊగుతాయి కాబట్టి ప్రాసెసర్ ధర ఒక్కటే కాకుండా మూడింటి మొత్తం వేసి పోల్చండి.

పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు చెడిపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. విడిగా కార్డు లేని ఇంటికి ఏఎం4లో జీ ఉన్న మోడల్, ఉదాహరణకు 5600జీ, తీసుకోవాలి.

విండోస్ సంగతి

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి, ఏఎండీలో ఎక్కువగా రైజెన్ 2000 నుంచి ఉన్నాయి. 2200జీ, 2400జీలకు అందులో చోటు లేదు. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. అంటే 7వ జనరేషన్‌లోనే ఇంకో పెద్ద ప్రాసెసర్ కొంటే రెండు రోజుల ముచ్చటే.

ఎక్కడ, ఎలా కొనాలి?

కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. అక్కడ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చాలా దుకాణాల ధరలు ఒకేచోట పోల్చుకోవచ్చు. హన్మకొండ, వరంగల్‌లో కొంచెం ఎక్కువ చెప్పినా ఏదైనా తేడా వస్తే మళ్లీ వెళ్లడం సులువు. చార్జీలు, ఒక రోజు పని కూడా లెక్కలో వేసుకోండి.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడగండి, దానిమీద సీరియల్ నంబర్ ఉందో లేదో చూడండి. సీల్ ఉన్న బాక్స్ ప్రాసెసర్‌కు సాధారణంగా కంపెనీ వారంటీ మూడేళ్లు. బాక్స్ లేని ట్రే ప్రాసెసర్‌కు ఎవరు, ఎన్నాళ్లు హామీ ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. సెకండ్‌హ్యాండ్ ఏఎం4 ప్రాసెసర్ అయితే కింది పిన్నులు వంగాయేమో వెలుతురులో చూడండి. ఇంటెల్‌కు పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, అక్కడ చూడాలి.

'నో కాస్ట్ ఈఎంఐ' అని చెప్పినా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ అనే పద్దు, దానిమీద జీఎస్టీ పడుతుంటాయి. వడ్డీ వద్దనుకునే ఇళ్లవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకో నాలుగు నెలలు ఆగి నగదుతో కొన్నా నష్టమేం లేదు. పాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌లను విడదీయకుండా సెట్‌గా అమ్మితే కొంత చేతికొస్తుంది.

దుకాణానికి బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు రాసుకోండి: బోర్డు మోడల్, ర్యామ్ రకం, గ్రాఫిక్స్ కార్డు పేరు, పవర్ సప్లై ఎన్ని వాట్లు. ఆ కాగితం చేతిలో ఉంటే మనకు పనికిరానిది ఎవరూ అంటగట్టలేరు.