కుండ నుంచి ఫ్రీజర్ దాకా

ఎండలు ముదిరాయంటే మా వజ్రకరూరులో ఆడవాళ్ళు నలుగురు కలిస్తే వచ్చే మాటల్లో ఫ్రిజ్ ఒకటి. ఒకరింట్లో ఐసు కట్టదు. ఇంకొకరింట్లో మంచు కొండలా పేరుకుపోయి ఫ్రీజర్ తలుపు పడదు. మరొకరిది టిక్కుమని ఆగిపోతుంది. మెకానిక్ రావాలంటే ఉరవకొండ నుంచో గుంతకల్లు నుంచో రావాలి, వచ్చాక ఆయన చెప్పిందే వేదం. ఈ పెట్టె ఎక్కడ పుట్టింది, ఎలా మన వంటింటికి వచ్చింది అని నేను కొన్నాళ్ళు చదివాను. చదివాక తెలిసిందేమంటే, దాని జబ్బులు చాలావరకు దాని చరిత్రలోనే ఉన్నాయి.

ముందు మన కుండ సంగతి. మా అవ్వల కాలంలో చల్లదనమంటే మట్టికుండే. కుండ గోడల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. మా మెట్టసీమ గాలి పొడిగాలి కాబట్టి ఇక్కడ కుండ చేసే పని కోస్తా ఉక్కలో చెయ్యదు. తిండి నిలవ ఉంచడానికీ ఆ పొడి ఎండే ఆధారం. వరుగులు, వడియాలు, ఊరమిరపకాయలు అన్నీ దాని పుణ్యమే. ఇక ఐసు అంటారా, అది వడగళ్ళ వానలో తప్ప కంటపడేది కాదు. తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతికే ఊరు మాది. వజ్రాలు ఎందరికి దొరికాయో గానీ, వడగళ్ళు మాత్రం పిల్లలందరి దోసిళ్ళలోకీ వచ్చేవి.

కుండ పద్ధతినే ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి అలహాబాదులో ఐసే తయారుచేశారు. పొడిగా ఉండే చలికాలపు రాత్రుల్లో గడ్డి పరిచిన గుంటల్లో లోతు లేని మట్టి మూకుళ్ళు పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసేవాళ్ళు. గాలి గడ్డకట్టేంత చల్లగా లేకపోయినా, నీరు ఆవిరవుతూ, తన వేడిని ఆకాశంలోకి వదులుతూ తెల్లారేసరికి పలుచని పలకగా గడ్డకట్టేది. రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1775లో దీన్ని వివరంగా రాశాడు. అంతకుముందే అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీళ్ళలో కూజా తిప్పి తాగేనీరు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు.

తర్వాత వచ్చింది ఓడ ఐసు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి, బోస్టన్ వైపు చెరువుల మీద చలికాలంలో కోసిన ఐసు దిమ్మెలను టస్కనీ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. బయల్దేరినప్పుడు 180 టన్నులు. నాలుగు నెలలు సముద్రం మీద, అందులోనూ భూమధ్యరేఖను రెండుసార్లు దాటి వచ్చినా దాదాపు 100 టన్నులు మిగిలింది! మద్రాసులో ఈ ఐసు నిలవ చెయ్యడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. అప్పటి మద్రాసు రాజధానిలో మా ప్రాంతం కూడా భాగమే, కానీ ఆ ఐసు దొరలకూ, డబ్బున్నవాళ్ళకూ మాత్రమే. 1870లలో మద్రాసులోనే యంత్రాలతో ఐసు తయారీ మొదలయ్యాక ఓడ ఐసు వ్యాపారం పడిపోయింది.

ఆ 100 టన్నులను కాపాడింది యంత్రం కాదు, పొట్టు. వేడిగాలి లోపలికి పోకుండా దట్టంగా కూరారంతే. మన పెళ్ళిళ్ళకు ఐసుగడ్డలు రంపపు పొట్టులో, గోనెసంచుల్లో చుట్టి తెచ్చేవారు గుర్తుందా? అదే విద్య. ఇప్పటి ఫ్రిజ్ గోడల్లో రంపపు పొట్టుకు బదులు ఫోమ్ ఉంటుంది. గోడ ఎంత మందంగా ఉన్నా తలుపు రబ్బరు దగ్గర సందుంటే అంతా దండగే. ఒక కాగితం తలుపులో పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు సరిగా పట్టడం లేదని అర్థం. మజ్జిగ మరకలు, పిండి జిడ్డు పేరుకుంటే రబ్బరు అతుక్కోదు, సబ్బునీళ్ళతో తుడిస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. గట్టిపడి చిట్లితే మార్చాల్సిందే.

ఆ సందులోంచి పోయేది వేడి ఒక్కటే కాదు, గాలిలోని తేమ కూడా. ఆ తేమే ఫ్రీజర్ గోడల మీద మంచవుతుంది. నేను గమనించాను, ఏప్రిల్‌లో మా ఇంట్లో మంచు నిదానంగా కడుతుంది. వానలు పడ్డాక వారం తిరక్కుండానే దట్టమవుతుంది. మూత పెట్టని వేడి సాంబారు గిన్నె పెట్టినా అంతే. మంచు ఎక్కువుంటే చల్లదనం ఎక్కువని చాలామంది అనుకుంటారు గానీ, అది రంపపు పొట్టులాగే అడ్డుపడి లోపలి వేడిని గొట్టాల దాకా పోనివ్వదు. ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. మంచు చిటికెనవేలు మందం కాకముందే ఆపి కరిగించాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ పనికి నాబ్ మధ్యలో బటన్ ఉంటుంది.

కరిగించండి, కత్తి మాత్రం పెట్టవద్దు. ఎందుకో చెప్పాలంటే గ్యాస్ కథలోకి వెళ్ళాలి.

ఫ్రిజ్ చేసేదీ కుండ చేసే పనే. కుండలో నీరు ఆవిరై గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ మనం పొయ్యాలి. ఫ్రిజ్‌లో ఒక ద్రవం ఫ్రీజర్ గోడల్లోని సన్న దారుల్లో ఆవిరై వేడిని పట్టుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వెనక ఉన్న నల్ల జాలీలోకి తోస్తుంది, అక్కడ వేడి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. 1920లలో ఇంటి ఫ్రిజ్‌లలో వాడిన సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటివి విషవాయువులు. బెర్లిన్‌లో ఫ్రిజ్ లీకై ఒక కుటుంబమంతా చనిపోయిన వార్త చదివి, ఐన్‌స్టీన్ తన మిత్రుడు సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్ ఒకటి రూపొందించాడని చెబుతారు. దానికి 1930లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. అయితే గెలిచింది అది కాదు, 1928లో మిడ్జ్‌లీ బృందం కనిపెట్టిన ఫ్రియాన్. విషం కాదు, మండదు. ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు హెచ్చరించాక, 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, 1992లో మన దేశమూ చేరింది. ఇప్పుడు చాలా ఇంటి ఫ్రిజ్‌లలో ఉన్నది ఆర్600ఎ. ఓజోన్‌కు హాని లేదు గానీ మండుతుంది. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, కత్తి దిగి బుస్సుమంటే స్టవ్ ఆర్పండి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా కిటికీలు తెరవండి. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

1927లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ మానిటర్ టాప్ ఫ్రిజ్ వచ్చింది. దాని కంప్రెసర్‌ను మోటారుతో సహా పూర్తిగా మూసి సీలు చేశారు. మన ఇళ్ళలోవీ అలాంటివే. కాబట్టి వంటగ్యాస్ సిలిండర్‌లా 'గ్యాస్ అయిపోవడం' అనేది లేదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. మా ఇంట్లో ఒకే ఎండాకాలంలో రెండుసార్లు గ్యాస్ నింపి డబ్బు పట్టుకెళ్ళారు, లీకు మాత్రం ఎవరూ వెతకలేదు. ఇప్పుడెవరొచ్చినా నేనడిగేది ఒక్కటే, "అన్నా, లీకు ఎక్కడుందో చూపించి, అది మూసినాక గ్యాస్ నింపు." అసలు గ్యాస్ మాట దాకా పోకముందే వెనక జాలీ చూడాలి. మా ఊరి గాలికి దుమ్ము తక్కువా? జాలీ నిండా దుమ్ము పట్టినా, ఫ్రిజ్‌ను గోడకు ఆనించినా వేడి బయటికి పోదు, ఐసు కట్టదు. ప్లగ్ తీసి మెత్తని బ్రష్‌తో దులపడానికి పది నిమిషాలు.

మన దేశంలో గోద్రెజ్ 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. తెలుగువాళ్ళకు దగ్గరిది హైదరాబాద్ ఆల్విన్. 1942లో మొదలైన ఆ సంస్థ ఫ్రిజ్‌లు మా పక్క కడప జిల్లా నందలూరులోనూ తయారయ్యేవి. 1990లలో అది వోల్టాస్ చేతికి వెళ్ళింది. ఆ రోజుల్లో ఫ్రిజ్‌ను వంటింట్లో కాదు, హాల్లో పెట్టేవారు, నలుగురి కంటా పడాలిగా! పైన అల్లిన గుడ్డ, దాని మీద పూలకుండీ.

ఫ్రిజ్ వచ్చింది గానీ కరెంటు అంత బాగా రాలేదు. బోర్లు పెరిగాక, పంపుసెట్లు నడిచే గంటల్లో బల్బు కూడా ఎర్రబడేది. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ గుయ్యిమని, తిరగలేక, టిక్కుమని ఆగుతుంది. ఆ టిక్కు రోగం కాదు, మోటారు కాలిపోకుండా కాపాడే చిన్న రిలే చప్పుడు. కరెంటు పోయి వెంటనే వచ్చినా అదే చప్పుడు, ఎందుకంటే గొట్టాల్లో ఒత్తిడి ఇంకా తగ్గదు. ఐదు నిమిషాలు ఆగి వెయ్యాలి. ఆలస్యంగా ఆన్ అయ్యే స్టెబిలైజర్ ఉంటే ఆ పని అదే చూసుకుంటుంది. వోల్టేజీ బాగుండీ టిక్కుమంటూనే ఉంటే ముందు రిలే మార్పించి చూడమనండి, దాని ఖర్చు కంప్రెసర్‌తో పోలిస్తే చాలా తక్కువ.

మా అత్తమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది కాబట్టి నాకు ఫ్రిజ్ అంటే ఐస్‌క్రీమ్ గొడవ కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మోస్టాట్ పాడై ఫ్రిజ్ ఆగకుండా నడిస్తే, ఫ్రీజర్ కింది ట్రేలో కొత్తిమీర గడ్డకట్టి గాజులా అవుతుంది. అక్కడే సీసా ఉంటే అదీ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా వాడకూడదు. అందుకే మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా డబ్బాలో పెడతాను. కరెంటు చాలాసేపు పోతే ముందు తలుపు తియ్యను. పూటంతా రాకపోతే సీసాను నీరు చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్ళున్న మట్టికుండలో, గాలి ఆడే నీడలో ఉంచుతాను. అది 2 డిగ్రీలకు దిగదు గానీ, బయట 40 దాటిన రోజున గది వేడి కంటే చాలా నయం.